ఒక్క షిప్‌మెంట్ కూడా నడపనివ్వకుండా ఇంటర్నేషనల్ బిజినెస్ పట్టా ఇవ్వకండి: బిజినెస్ స్కూళ్లకు బహిరంగ లేఖ

మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల డీన్లకు, ఇంటర్నేషనల్ బిజినెస్ బోధించే ఆచార్యులకు, సిలబస్ కమిటీల సభ్యులకు, అక్రెడిటేషన్ సంస్థలకు,

నమస్కారం.

ఎంబీఏలో ఇంటర్నేషనల్ బిజినెస్ ప్రధానాంశంగా చదివి, ఇప్పుడు ఎగుమతుల విభాగంలో పనిచేస్తున్నాను. మీలో చాలామంది శ్రద్ధగా పాఠం చెబుతారని తెలుసు. అలాంటి గురువుల దగ్గరే చదువుకున్నాను. అయినా ఈ లేఖ బహిరంగంగా రాయాల్సి వస్తోంది. ఈ కోర్సులో రావాల్సిన మార్పుల గురించి కొందరు పూర్వ విద్యార్థులం కలిసి మా విద్యాసంస్థకు వినతిపత్రం ఇచ్చాం. ముందు విభాగానికి, తర్వాత అకడమిక్ కౌన్సిల్‌కు. అందిందన్నారు, పరిశీలిస్తామన్నారు. ఆ తర్వాత కొత్త సిలబస్ వచ్చింది. అందులో మేం అడిగినవేవీ లేవు. ఎందుకు లేవో చెబుతూ ఒక్క వాక్యమూ రాలేదు. వేరే సంస్థల్లో చదివినవాళ్లను అడిగితే వాళ్లూ ఇదే చెప్పారు. ఇది ఒక్క సంస్థ సమస్య కాదని అర్థమైంది కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. మీ అందరినీ కలిపి అడుగుతున్నాను.

నా ఫిర్యాదు ఇది. ఇంటర్నేషనల్ బిజినెస్‌ను మీరు పెద్ద కంపెనీ ప్రధాన కార్యాలయంలో కూర్చున్నవాళ్ల వైపు నుంచి మాత్రమే నేర్పుతున్నారు. ఏ దేశంలో అడుగుపెట్టాలి, జాయింట్ వెంచర్ పెట్టాలా, సొంత ఫ్యాక్టరీ కట్టాలా అన్న నిర్ణయాలు నేర్పుతున్నారు. ఆ తర్వాత సరుకు, డబ్బు, పత్రాలు, రిస్క్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎలా మారతాయో నేర్పడం లేదు. మా డిగ్రీతో దొరికే ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ఈ రెండో పనిలోనే ఉన్నాయి. అక్కడ మాకు తెలియక జరిగే నష్టం మా జీతంలోంచి పోదు. సరుకు తయారుచేసిన చిన్న ఉత్పత్తిదారు, ఆ షెడ్డులో పనిచేసే కార్మికులు భరిస్తారు.

ప్రస్తుతం పాఠం ఎలా సాగుతోందో ముందు చెబుతాను. 1817లో డేవిడ్ రికార్డో చెప్పిన తులనాత్మక ప్రయోజన సిద్ధాంతంతో మొదలవుతుంది. తర్వాత 1966 నాటి రేమండ్ వెర్నన్ ప్రొడక్ట్ లైఫ్ సైకిల్, 1977 నాటి ఉప్సాలా నమూనా, జాన్ డన్నింగ్ ఎక్లెక్టిక్ నమూనా, 1990 నాటి మైఖేల్ పోర్టర్ డైమండ్. మధ్యలో దేశాల సంస్కృతులను అంకెల్లో పోల్చే హోఫ్‌స్టెడ్ సంస్కృతి కొలతలు. ఆపైన ప్రపంచ వాణిజ్య సంస్థ ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది. చివర్లో కేస్ స్టడీలు: వాల్‌మార్ట్ జర్మనీ నుంచి 2006లో ఎందుకు వెనక్కి వచ్చింది, 1998లో కలిసిన డైమ్లర్, క్రైస్లర్ 2007లో ఎందుకు విడిపోయాయి.

వీటిని తీసేయమని నేను అడగడం లేదు. పంకజ్ గెమావత్ 2001లో చెప్పిన నాలుగు రకాల దూరాలను, అంటే సంస్కృతి, పాలన, భౌగోళిక, ఆర్థిక దూరాలను, కొత్త మార్కెట్ గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఇప్పటికీ వాడుతున్నాను. ఉప్సాలా నమూనా చెప్పినట్టు చిన్న సంస్థలు నిజంగానే తెలిసిన మార్కెట్ నుంచి తెలియని మార్కెట్‌కు మెల్లమెల్లగా వెళ్తాయి. సిద్ధాంతం కావాలి. కానీ కోర్సు సిద్ధాంతం దగ్గరే ఆగిపోతోంది. ప్రపంచ సరుకు వాణిజ్యంలో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా సముద్రం మీదే సాగుతుందని పాఠంలో చదువుతాం. ఆ సరుకు మీద హక్కును చూపించే బిల్ ఆఫ్ లేడింగ్‌ను ఒక్కసారి కూడా పైనుంచి కింది దాకా చదవకుండానే పట్టా తీసుకుంటాం.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరుసగా రాస్తున్నాను.

1. ఇన్‌కోటెర్మ్స్ 2020లో 11 నిబంధనలున్నాయి. అంతర్జాతీయ అమ్మకంలో ఖర్చూ రిస్కూ ఎక్కడ ఎవరి చేతికి మారతాయో చెప్పేవి ఇవే. పరీక్ష కోసం వాటిని బట్టీ పడతాం. "ఎఫ్ఓబీ అంటే సరుకు ఓడెక్కే వరకు రిస్క్ అమ్మకందారుదే" అని రాస్తే మార్కులు పడతాయి. అయితే కంటైనర్‌లో వెళ్లే సరుకును అమ్మకందారు ఓడ దగ్గర అప్పగించడు, టెర్మినల్‌లో అప్పగిస్తాడు. ఆ గేటు దాటాక కంటైనర్ మీద తనకు ఏ అదుపూ ఉండదు. అది యార్డులో ఎన్ని రోజులున్నా, ఎవరు ఎలా దించినా, ఓడెక్కేదాకా రిస్క్ మాత్రం తనదే. అందుకే కంటైనర్ సరుకుకు ఎఫ్‌సీఏ (రవాణాదారుకు అప్పగించగానే రిస్క్ కొనుగోలుదారుకు మారే నిబంధన) వాడమని ఈ నిబంధనలను రూపొందించే ఇంటర్నేషనల్ చాంబర్ ఆఫ్ కామర్స్ చెబుతోంది. ఓడెక్కినట్టు నమోదైన బిల్ ఆఫ్ లేడింగ్ కావాలని బ్యాంకులు పట్టుబడతాయి కాబట్టి, ఆ పత్రం అమ్మకందారుకు దొరికేలా 2020 కూర్పులో ఎఫ్‌సీఏకు ఒక వెసులుబాటు కూడా చేర్చింది. ఇంత చేసినా ఒప్పందాల్లో అలవాటుగా ఎఫ్ఓబీయే పడుతోంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేది చాలాసార్లు ఎంబీఏ చదివిన మేనేజరే.

బీమా సంగతీ అంతే. సరుకు ధరలోనే బీమా, ఓడ ఖర్చు కలిసి ఉండే సీఐఎఫ్ ఒప్పందంలో, వేరేగా రాసుకోకపోతే, అమ్మకందారు ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజులనే ప్రామాణిక బీమా షరతుల్లో అన్నిటికన్నా తక్కువ రక్షణ ఇచ్చే 'సి' తీసుకుంటే చాలు. దొంగతనం జరిగితే దాని కింద ఏమీ రాదు. అలాంటిదే అయినా ఏ రకం రవాణాకైనా వాడే సీఐపీకి మాత్రం 2020 నుంచి విస్తృతమైన 'ఎ' రక్షణ ఉండాలి. ఈ తేడా మా నోట్సులో లేదు. "ఇన్సూరెన్స్ ఉంది కదా" అని ధైర్యంగా ఉన్న చిన్న దిగుమతిదారుకు, తనకు జరిగిన నష్టం ఆ పాలసీలో లేదని సరుకు పోయాకే తెలుస్తుంది.

2. లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటే, అడిగిన పత్రాలు చూపిస్తే అమ్మకందారుకు డబ్బు చెల్లిస్తానని కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే హామీ. దాని గురించి క్లాసులో చెప్పేది ఒక బొమ్మ: కొనుగోలుదారు, అమ్మకందారు, రెండు బ్యాంకులు, మధ్యలో బాణాలు. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న, ఈ హామీలకు వర్తించే యూసీపీ 600 నిబంధనల్లో ఐదో అధికరణం ఆ బొమ్మ కన్నా ముఖ్యం. బ్యాంకులు చూసేది పత్రాలనే, సరుకును కాదు అని అది చెబుతుంది. సరుకు ఎంత బాగున్నా, సమయానికి చేరినా, పత్రంలో తేడా ఉంటే బ్యాంకు చెల్లింపు నిరాకరించవచ్చు. పరిశీలించడానికి దానికి గరిష్ఠంగా ఐదు పని దినాలుంటాయి. ఒరిజినల్ రవాణా పత్రాలను షిప్‌మెంట్ జరిగిన 21 రోజుల్లోపు, క్రెడిట్ గడువు కూడా దాటకుండా, సమర్పించాలి. ఈ లోపల తప్పు దిద్దే టైమ్ లేకపోతే, నిర్ణయం కొనుగోలుదారు చేతిలోకి వెళ్తుంది. మార్కెట్‌లో ధర పడిపోయి ఉంటే "తేడాలున్నా ఒప్పుకుంటాను, ధర తగ్గించు" అంటాడు. సరుకు అప్పటికే పరాయి రేవులో ఉంటుంది. ఉచిత గడువు దాటాక రోజుకింత అని డెమరేజ్ పడుతుంటుంది. పెద్ద కంపెనీ అయితే తట్టుకుంటుంది. ముడిసరుకు అప్పు మీద తెచ్చుకున్న చిన్న సంస్థ అడిగిన ధరకు ఒప్పుకుంటుంది. ఆ నెల జీతాలు ఆలస్యమవుతాయి.

ఏ తేడా బ్యాంకు కొట్టేస్తుంది, ఏది వదిలేస్తుంది అన్నది చదివితే వచ్చే విద్య కాదు. పత్రాలు ముందు పెట్టుకుని, ఒకదానితో ఒకటి సరిపోల్చి, పొరపాటు పట్టుకుంటే వచ్చే విద్య. ఒక సెమిస్టర్‌లో నేర్పవచ్చు.

3. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. ఆరు రోజుల తర్వాత కదిలింది. ఇప్పుడు అది ప్రతి బిజినెస్ స్కూల్‌లో కేస్ స్టడీ. సప్లై చైన్ ఎంత సున్నితమో చెప్పడానికి వాడతారు. కాలువ తెరుచుకోవడంతో పాఠం అయిపోతుంది.

అసలు పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది. కదిలిన ఓడను కాలువ అధికారులు నష్టపరిహారం కోసం గ్రేట్ బిటర్ లేక్‌లో ఆపేశారు. జులై 7న గాని వదల్లేదు. అందులో దాదాపు 18 వేల కంటైనర్లున్నాయి. మూడు నెలలకు పైగా వాటిలోని సరుకు ఎవరికీ అందలేదు. ఇంతలో ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించాడు. ఓడనూ సరుకునూ ప్రమాదం నుంచి తప్పించడానికి అసాధారణమైన ఖర్చు చేయాల్సి వస్తే, దాన్ని ఓడ యజమాని ఒక్కడే కాక ఆ ఓడలో సరుకున్న ప్రతి ఒక్కరూ తమ సరుకు విలువను బట్టి పంచుకోవాలన్నది ఈ పద్ధతి. చాలా ప్రాచీనమైనది. ఇప్పుడు యార్క్-ఆంట్వర్ప్ నిబంధనల ప్రకారం నడుస్తోంది. తన తప్పేమీ లేకపోయినా, తన సరుకుకు ఏమీ కాకపోయినా, వాటా కట్టాలి. కడతానని హామీ ఇవ్వనిదే కంటైనర్ చేతికి రాదు. బీమా ఉంటే బీమా కంపెనీ హామీ ఇస్తుంది. ఇంతకుముందు చెప్పిన 'సి' రక్షణ ఉన్నా ఇది చెల్లుతుంది. బీమా అసలే లేని చిన్న వ్యాపారి నగదు డిపాజిట్ కట్టాలి. సరుకు రాక అమ్మకాలు ఆగిపోయిన మనిషి, ఆ సరుకు కోసమే మళ్లీ డబ్బు వెతుక్కోవాలి.

జనరల్ యావరేజ్ అన్న మాట నా ఎంబీఏలో ఒక్కసారి కూడా వినలేదు. ఎవర్ గివెన్ పేరు మాత్రం ఎన్నిసార్లు విన్నానో. బీమా ఖర్చు మిగుల్చుకుందామనుకునే చిన్న ఎగుమతిదారుకు ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే చాలు, మనసు మార్చుకుంటాడు. చెప్పాల్సిన మేనేజర్‌కే తెలియకపోతే ఎవరు చెబుతారు? 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ప్రయాణం వారం పది రోజులు పెరిగింది, ఓడ కంపెనీలు సర్‌చార్జీలు వేశాయి. ఆ అదనపు ఖర్చు ఎవరిదన్నది ఒప్పందంలోని మూడక్షరాల నిబంధన మీదే ఆధారపడి ఉంది.

4. విదేశీ మారకం క్లాసులో వడ్డీ రేట్ల సమానత సూత్రం నేర్పుతారు. లెక్క వేస్తాం, పాసవుతాం. మూడు నెలల అరువు మీద ఇన్‌వాయిస్ రాసినప్పుడు ఏ కరెన్సీలో రాయాలి, ఎంత భాగానికి ఫార్వర్డ్ (మారకం రేటును ముందే ఖాయం చేసుకునే ఒప్పందం) తీసుకోవాలి, ఆర్డర్ రద్దయితే ఆ ఫార్వర్డ్ ఏమవుతుంది అని అడిగితే తడబడతాం. ఒక్క ఉదాహరణ గుర్తుచేస్తాను. 2011 సెప్టెంబర్ నుంచి యూరోకు 1.20 ఫ్రాంకుల కన్నా ఫ్రాంకు బలపడకుండా స్విస్ కేంద్ర బ్యాంకు ఆపుతూ వచ్చింది. 2015 జనవరి 15న ముందస్తు హెచ్చరిక లేకుండా ఆ హద్దు ఎత్తేసింది. ఫ్రాంకు ఒక్కసారిగా పైకి లేచింది. తక్కువ వడ్డీ అని ఫ్రాంకుల్లో ఇంటి రుణం తీసుకున్న పోలండ్, క్రొయేషియా కుటుంబాల అప్పు రాత్రికి రాత్రే పెరిగింది. జీతం సొంత కరెన్సీలో, అప్పు పరాయి కరెన్సీలో. క్రొయేషియా ఆ ఏడాదే చట్టం చేసి ఆ రుణాలను యూరోల్లోకి మార్పించింది. ఆ రుణాలను అమ్మిన బ్యాంకుల్లో చదువుకున్న మేనేజర్లు లేరా? ఉన్నారు. కరెన్సీ రిస్క్‌ను భరించలేని మనిషి మీదకు నెట్టకూడదని మన కోర్సుల్లో ఎక్కడా చెప్పరు. రిస్క్‌ను ఎలా బదిలీ చేయాలో మాత్రం చెబుతారు.

5. గ్లోబల్ సోర్సింగ్ అన్న యూనిట్ గురించి కాస్త కఠినంగానే రాస్తాను. అందులో సరఫరాదారు అంటే ఒక ధర, ఒక లీడ్ టైమ్, ఒక క్వాలిటీ స్కోరు. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని బట్టల ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. ఆర్డర్ గడువులు వాళ్ల తల మీద ఉన్నాయి. ఈ దుర్ఘటనను మీరు ఎథిక్స్ అనే ఐచ్ఛిక పేపర్‌లో, చివరి వారాల్లో, 'బ్రాండ్ పేరుకు ముప్పు' అన్న శీర్షిక కింద చెబుతున్నారు. సోర్సింగ్ పేపర్‌లో చెప్పాలి. ధర తగ్గించమని, గడువు కుదించమని, చివరి నిమిషంలో డిజైన్ మార్చమని మెయిల్ పంపేది మేమే. ఆ మెయిల్ ఫ్యాక్టరీలో ఏమవుతుందో మాకు తెలియాలి.

2020లో కొవిడ్ మొదలైనప్పుడు పెద్ద కొనుగోలుదారులు చాలామంది ఆర్డర్లు రద్దు చేశారు. కుట్టడం పూర్తయిన బట్టలకు కూడా డబ్బు ఇవ్వబోమన్నారు. అనుకోని విపత్తు వస్తే ఒప్పందం నుంచి తప్పుకోనిచ్చే ఫోర్స్ మెజూర్ క్లాజు చూపించారు. ముడిసరుకు తమ డబ్బుతో కొన్న ఫ్యాక్టరీలు జీతాలు ఇవ్వలేకపోయాయి. ఆ క్లాజు రాసేటప్పుడు రెండు వైపులా ఏం అడగాలో, తయారైన సరుకును దాని పరిధిలోంచి ఎలా తప్పించాలో ఏ బిజినెస్ స్కూల్ నేర్పింది? వ్యాపారం, మానవ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు 2011లోనే వచ్చాయి. మా పాఠ్యపుస్తకంలో అవి ఒక పెట్టెలో నాలుగు లైన్లు.

6. నియమాలు మారుతున్నాయి, నోట్సులు మారడం లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం సభ్యుల నియామకాలు ఆగిపోవడంతో 2019 డిసెంబర్ నుంచి పనిచేయడం లేదు. క్లాసులో వివాద పరిష్కారం ఇంకా పాత పటం ప్రకారమే నడుస్తోంది. యూరోపియన్ యూనియన్ కార్బన్ సరిహద్దు పన్ను విధానంలో రిపోర్టులు ఇవ్వడం 2023 అక్టోబర్‌లో మొదలైంది, 2026 నుంచి అసలు దశ. ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువుల సరఫరాదారులు తమ ఉద్గారాలను లెక్కగట్టి ఇవ్వాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు సుంకం లేకుండా అనుమతించే వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆపేసింది. ఎన్నో దేశాల తపాలా సంస్థలు కొన్నాళ్లు అక్కడికి పార్సిళ్లు తీసుకోవడమే మానేశాయి. ఇంట్లో చేసిన వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లకు, సుంకం కోసం సరుకు రకాన్ని గుర్తించే హెచ్ఎస్ కోడ్, సరుకు పుట్టిన దేశాన్ని తేల్చే నిబంధనలు ఒక్కసారిగా బతుకుతెరువు ప్రశ్నలయ్యాయి. వాళ్లకు సాయం చేయగలిగిన ఎంబీఏలు ఎందరున్నారు?

7. సంస్కృతి పాఠం. హోఫ్‌స్టెడ్ మొదటి కొలతలు ఒకే కంపెనీ, ఐబీఎం, ఉద్యోగుల మీద 1967 నుంచి 1973 మధ్య జరిపిన సర్వేల నుంచి వచ్చాయి. ఈ సంగతి చెప్పకుండా "ఈ దేశంవాళ్లు ఇలా" అని అంకెలు చూపిస్తున్నారు. ఆ దేశం నుంచి వచ్చిన విద్యార్థి అదే బెంచీ మీద కూర్చుని వింటుంటాడు. రేపు వీళ్లే అక్కడ మనుషులను ఉద్యోగాల్లోకి తీసుకుంటారు, వద్దంటారు.

8. చివరిగా విద్యార్థుల మాట. అడ్మిషన్ బ్రోషర్‌లో విమానాలు, విదేశీ నగరాల ఫొటోలు, 'గ్లోబల్ లీడర్' అన్న పదాలు. నేను చూసినంతలో ఈ స్పెషలైజేషన్ వాళ్లకు వచ్చే ఉద్యోగాలు ఫ్రైట్ ఫార్వర్డింగ్, కస్టమ్స్ బ్రోకింగ్, ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్, బ్యాంకుల ట్రేడ్ ఫైనాన్స్ విభాగం, కొనుగోళ్లు. ఇవి మంచి ఉద్యోగాలు, గౌరవమైనవి. వాటి గురించి ముందే చెప్పకపోవడం, చేరాక నేర్పకపోవడం తప్పు. చదువు కోసం అప్పు చేసిన పిల్లలు మొదటి ఏడాదంతా టెన్షన్‌తో, డిప్లొమా చదివిన సహోద్యోగిని బతిమాలి పని నేర్చుకుంటున్నారు. విదేశీ స్టడీ టూర్ ఖర్చు ఫీజులో కలిపేసిన చోట్ల ఆ అప్పు ఇంకా పెద్దది. వారం రోజుల టూర్‌లో చూసేది రెండు ఫ్యాక్టరీలు, ఒక యూనివర్సిటీ.

మా వినతిపత్రం ఇచ్చినప్పుడు నోటిమాటగా ఒక అభ్యంతరం చెప్పారు: పత్రాల పని గుమస్తాలది, మేం తయారుచేసేది మేనేజర్లను. దానికి జవాబు ఇక్కడ రాయాలి. పైన చెప్పిన నష్టాల్లో ఒక్కటైనా టైపింగ్ పొరపాటు వల్ల మొదలైందా చూడండి. ఎఫ్ఓబీనా ఎఫ్‌సీఏనా అన్నది మేనేజర్ నిర్ణయం. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో ఏ పత్రాలు ఒప్పుకోవాలన్నది మేనేజర్ నిర్ణయం. ఏ కరెన్సీ, ఎంత బీమా, ఫోర్స్ మెజూర్ క్లాజులో ఏ మాటలు, ఇవన్నీ మేనేజర్‌వే. గుమస్తా వాటిని కాగితం మీద పెడతాడు, అంతే. ఎగుమతుల విభాగాల్లో అనుభవమున్న గుమస్తాలే మేనేజర్ల నిర్ణయాల్లో తప్పులు పట్టుకోవడం నేను రోజూ చూస్తున్నాను.

సిలబస్ మార్చడానికి టైమ్ పడుతుందన్నారు. నిజమే. కొత్త కంప్యూటర్ కోర్సులు చేర్చేటప్పుడు ఆ టైమ్ తగ్గడం కూడా మేం చూశాం.

మా డిమాండ్లు ఇవి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇంటర్నేషనల్ బిజినెస్ స్పెషలైజేషన్ తీసుకున్న ప్రతి విద్యార్థీ ఒక షిప్‌మెంట్‌ను కొటేషన్ నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా నడపాలి. ఐచ్ఛికంగా కాదు, తప్పనిసరి పేపర్‌గా, పూర్తి క్రెడిట్లతో. పేర్లు తుడిపేసిన నిజమైన పత్రాలు ఇవ్వండి. హెచ్ఎస్ కోడ్ వెతకనివ్వండి, ఇన్‌కోటెర్మ్ ఎంచుకోనివ్వండి, బీమా తీసుకోనివ్వండి, పత్రాల సెట్ తయారుచేయనివ్వండి. ఇంకో విద్యార్థి బృందం బ్యాంకుగా కూర్చుని యూసీపీ 600 ప్రకారం ఆ సెట్‌లో తప్పులు పట్టాలి. మధ్యలో మీరు ఓడను ఆలస్యం చేయండి, కరెన్సీని పడేయండి, కొనుగోలుదారు చేత ఆర్డర్ రద్దు చేయించండి. నష్టం ఎవరికి ఎంత వచ్చిందో, ఆ సంస్థలో జీతాల మీద ఎంత పడిందో లెక్క రాయించండి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక గది, ఒక ప్రింటర్, పని తెలిసిన ఒక మనిషి చాలు.

మిగతావి:

1. ఆ పేపర్ చెప్పడానికి ఫ్రైట్ ఫార్వర్డర్లను, కస్టమ్స్ బ్రోకర్లను, ట్రేడ్ ఫైనాన్స్ బ్యాంకర్లను పిలవండి. గంటసేపు గెస్ట్ లెక్చర్ ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోవడానికి కాదు. సెమిస్టరంతా, సరైన జీతంతో. డాక్టరేట్ లేదన్న కారణంతో వాళ్లను దూరం పెట్టకండి.

2. రానా ప్లాజా, 2020 ఆర్డర్ల రద్దు, ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు సోర్సింగ్ పేపర్‌లోకి రావాలి. పరీక్షలో వాటి మీద ప్రశ్న ఉండాలి.

3. చిన్న సంస్థల కేస్ స్టడీలు రాయించండి. కేసుల్లో సగమైనా అమ్మకందారు వైపు నుంచి, చిన్న దేశాల వైపు నుంచి ఉండాలి. రాయడానికి పూర్వ విద్యార్థులం సిద్ధంగా ఉన్నాం.

4. వాణిజ్య నియమాలు, సుంకాలు, ఆంక్షలకు సంబంధించిన యూనిట్‌ను ఏటా సవరించి, సవరించిన తేదీ సిలబస్ మీద వేయండి.

5. సంస్కృతి కొలతలు చెప్పేటప్పుడు అవి ఎవరి మీద, ఎప్పుడు జరిగిన సర్వేల నుంచి వచ్చాయో అదే పేజీలో రాయండి.

6. ప్లేస్‌మెంట్ వివరాలను అత్యధిక జీతంతో కాకుండా ఉద్యోగం పేరుతో, మధ్యస్థ జీతంతో ప్రకటించండి. విద్యార్థి ఫీజు కట్టకముందే అవి కనపడాలి.

7. విదేశీ టూర్ ఖర్చును ఫీజులోంచి వేరు చేయండి. వెళ్లలేనివారికి చిన్న ఎగుమతిదారు దగ్గర ఇంటర్న్‌షిప్‌ను అంతే క్రెడిట్లతో ఇవ్వండి.

అక్రెడిటేషన్ సంస్థలకు విడిగా ఒక మాట. విద్యార్థి నిజంగా ఏం నేర్చుకున్నాడో ఆధారాలు చూపమనే నిబంధన బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే ఏఏసీఎస్‌బీకి 'అష్యూరెన్స్ ఆఫ్ లెర్నింగ్' పేరుతో ఇప్పటికే ఉంది. ఇంటర్నేషనల్ బిజినెస్ విషయంలో ఆ ఆధారం ఏమై ఉండాలో స్పష్టంగా చెప్పండి. తనిఖీకి వచ్చినప్పుడు చివరి సెమిస్టర్ విద్యార్థుల్లో కొందరిని మీరే ఎంచుకుని, ఒక ఒప్పందం, ఒక లెటర్ ఆఫ్ క్రెడిట్ ఇచ్చి, ఇందులో అమ్మకందారుకు ప్రమాదం ఎక్కడుందో చెప్పమనండి. ఫైళ్లలో లేని విషయం ఆ అరగంటలో తెలుస్తుంది.

ఉద్యోగాలిచ్చే కంపెనీలనూ కోరుతున్నాను. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఇదే ప్రశ్న అడగండి. మీరు అడిగితే కాలేజీలు నేర్పుతాయి. మా వినతిపత్రాల కన్నా ఆ ఒత్తిడి తొందరగా పనిచేస్తుంది.

వచ్చే సిలబస్ సమావేశం లోపు మాకు రాతపూర్వకంగా జవాబు కావాలి. ఏ డిమాండ్ ఒప్పుకుంటున్నారో, ఎప్పటి నుంచి అమలు చేస్తారో, దేన్ని ఒప్పుకోరో, దానికి కారణమేమిటో అందులో ఉండాలి. కాదన్నా ఫర్వాలేదు, కారణంతో కాదనండి, చర్చకు వస్తాం. తప్పనిసరి పేపర్ కోసం పేర్లు తీసేసిన పత్రాల మొదటి సెట్‌ను మేమే తయారుచేసి ఉచితంగా ఇస్తాం. ఎవరికి పంపాలో చెప్పండి.

ఇట్లు,
ఇంటర్నేషనల్ బిజినెస్‌లో ఎంబీఏ చదివి, ఎగుమతుల విభాగంలో పనిచేస్తున్న ఒక పూర్వ విద్యార్థి